మంగళవారం పేలని తుపాకులు

జస్టిస్ పొట్నూరు జగన్నాథరావు గారు కాలం చేసి మూడేళ్లు దాటింది. అయినా రోజూ ఉదయం ఆరింటికి కూతుర్ని ఏ వారమో అడగడం మాత్రం మానలేదు.

"ఇవాళ ఏ వారం అమ్మా?"

"ఆదివారం నాన్నా."

"సరే."

అంతే సంభాషణ. ఆ "సరే" వినపడగానే హైమావతి ముందున్న తెర మీద ఆరువందల పన్నెండు చుక్కలు ఒక్కొక్కటిగా పచ్చబడతాయి. కొండ జిల్లాల్లో ఇనప స్తంభాలకు బిగించిన ఆరువందల పన్నెండు తుపాకులు ఆ రోజుకి డ్యూటీ ఎక్కాయని దానర్థం. ఒక్కో తుపాకీలో ఒక్కో జగన్నాథరావు గారు ఉన్నారు.

ఉన్నారంటే మనిషి కాదు, ఆయన తీర్పు చెప్పే తీరు. చివరి జబ్బు తొమ్మిది నెలలూ తలకి తీగలు తగిలించుకుని, ప్రయోగశాల వాళ్లు చూపించిన బొమ్మకల్లా ఆయన జవాబు చెప్పారు. ఇతని భుజం మీద ఉన్నది తుపాకీయా, కావడిబద్దా? వీడు చేతులెత్తాడు, కాల్చవచ్చునా? ఇది ఆసుపత్రి, కానీ లోపల మందుగుండు ఉంది, ఏం చెయ్యాలి? అలా వేల ప్రశ్నలు. జవాబు చెప్పేటప్పుడు ఆయన బుర్ర ఏ దారిన నడిచిందో ఆ దారంతా యంత్రంలోకి ఎక్కించారు. దానికి 'ముద్ర' అని పేరు పెట్టారు. ఇప్పుడు తుపాకీ ఎవరి మీదికి తిరిగినా ముందు లోపలున్న ముద్రని అడుగుతుంది. ముద్ర ఊ అంటేనే గుండు కదులుతుంది.

తీర సమాఖ్య ప్రభుత్వానికి ఇది కొండంత గౌరవం తెచ్చింది. ప్రపంచ సభలో మంత్రిగారు లేచి నిలబడి, "యుద్ధంలోనూ మానవ హక్కులను కాపాడటమే మా ప్రభుత్వ వైఖరి. మా ప్రతి తుపాకీలోనూ ఒక న్యాయమూర్తి కూర్చుని ఉన్నాడు" అంటే చప్పట్లు ఆగలేదట.

ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. జబ్బు మనిషి నుంచి తీసిన ముద్ర కాబట్టి జబ్బులో పట్టుకున్న అలవాటూ దాంతో పాటే వచ్చేసింది. మంచాన పడ్డాక ఆయనకి రోజులు గుర్తుండేవి కావు. తెల్లారగానే కూతుర్ని వారం అడిగేవారు. ముద్ర కూడా అంతే. గడియారం కలిపి చూశారు, నమ్మలేదు. వేరేవాళ్ల చేత చెప్పించారు. "హైమ ఏది?" అంది. చేసేది లేక ఆ పని ప్రయోగశాలలోనే ఇంజనీరుగా ఉన్న హైమకే కట్టబెట్టారు. మూడేళ్లుగా ఆమె ఒక్కరోజు సెలవు పెట్టలేదు. నూట మూడు జ్వరంలోనూ శాలువా కప్పుకుని వచ్చి "గురువారం నాన్నా" అని చెప్పి వెళ్లింది. చచ్చిపోయిన తండ్రి గొంతు రోజూ పొద్దున్నే వినడం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఆమె నవ్వేసేది. నిజం చెప్పాలంటే ఆ గొంతు కోసమే ఆమె నిద్ర లేచేది.

ఆ ఆదివారం డైరెక్టర్ చక్రపాణి ఆమెను తన గదికి పిలిపించాడు. అక్కడ రక్షణ శాఖ కార్యదర్శి దమయంతి గారు కూర్చుని ఉన్నారు. తెల్లటి నేతచీర, మెత్తటి మాట, ఎదుటివాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగే మర్యాద. ఆవిడ ముందు ఒకే ఒక్క కాగితం ఉంది.

"నూట యాభై ఆరు మంగళవారాలు అమ్మా," అన్నారావిడ. "ఒక్క గుండు పేలలేదు. మిగతా ఆరు రోజులూ పేలాయి. మీకు తెలుసా?"

హైమకి రెండో నెలలోనే తెలుసు. తెలిసీ తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

"నాన్నగారు మంగళవారం తీర్పు చెప్పేవారు కాదండీ," అంది నెమ్మదిగా. "వాదనలు వినేవారు, తీర్పు మాత్రం మర్నాటికి వేసేవారు. పాత లాయర్లందరికీ తెలుసు. మంగళవారం ఆయన కోర్టులో హంతకుడైనా నిశ్చింతగా కునుకు తీయొచ్చని హాస్యమాడేవారు."

"కారణం?"

"ఆయనకే తెలియదు. వాళ్లమ్మ వద్దన్నారట."

చక్రపాణి తల పట్టుకున్నాడు. కోట్లమంది చూస్తున్న యంత్రంలో ఒక ముసలమ్మ మాట దాక్కుని ఉందని అతనికి ఇప్పుడే అర్థమైంది. దమయంతి గారు మాత్రం నవ్వలేదు. తెర మీద ఒక దృశ్యం పెట్టారు.

కొండల మధ్య గుమ్మడివలస అనే ఊరు. ఊరి మధ్యలో మూడువందల నలభయ్యో నంబరు తుపాకీ స్తంభం. దాని చుట్టూ సంత. పసుపు కొమ్ములు, చింతపండు, కోళ్లు, అల్యూమినియం గిన్నెలు. ఒక పక్క పెళ్లి జరుగుతోంది, ఇంకో పక్క పాడె మోసుకెళ్తున్నారు. స్తంభానికి మనిషి ఎత్తు వరకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. వారంలో మిగతా ఆరు రోజులూ తలుపు తీయని మనుషులు మంగళవారం ఒక్కనాడే ఆరు రోజుల బతుకూ బతికేస్తున్నారు. తుపాకీ వాళ్ల తలల మీదుగా మెల్లగా అటూ ఇటూ తిరుగుతూ చూస్తోంది.

"దీన్ని వాళ్లు మంగళవారం ముసలాయన అంటారు," అన్నారు దమయంతి గారు. "ఎల్లుండి ఈ సంతకి, మనతో యుద్ధం చేస్తున్న కొండదళం నాయకుడు వస్తున్నాడు. వెంట నలభైమంది సాయుధులు. వాళ్లకీ తెలిసిపోయింది కదా, మంగళవారం భయం లేదని. ఎల్లుండి పొద్దున్న మీరు ముద్రకి బుధవారం అని చెప్పాలి."

హైమ ఆవిడ వైపు తిరిగింది. "అబద్ధం చెప్పమంటున్నారు."

"మాది చట్టాన్ని గౌరవించే ప్రభుత్వం హైమావతి గారూ. కాల్చమని నేను అడగడం లేదు. కేసు విని మీ నాన్నగారినే చెప్పమంటున్నాను. యుద్ధ చట్టమంతా నేను చదివాను. అందులో మంగళవారం లేదు." ఆవిడ కాగితం మడిచారు. "కుదరదంటారా, ఈ ముద్రలన్నీ తీసేసి మామూలు తుపాకులు పెట్టాలి. ఎనిమిది నెలలు పడుతుంది, కానీ పెడతాం. అప్పుడు లోపల ఎవరూ ఉండరు."

ఆ చివరి మాట హైమ గుండెల్లో గునపంలా దిగింది.

ఇంటికొచ్చేసరికి తల్లి రత్నమాల వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. వచ్చే నెల నాలుగో తద్దినం. ఆ మాట ఎత్తినప్పుడల్లా ఇద్దరి మధ్యా ఏదో అడ్డం పడుతోంది.

"బ్రహ్మగారికి కబురు చెయ్యమంటావేటే?" అంది తల్లి. "పిండం పెట్టాలంటే ముందు మనిషి పోయాడో లేదో తేల్చి చెప్పాలి కదా. నువ్వేమో పొద్దున్నే వెళ్లి మాట్లాడొస్తావు. నేనేమో ఇక్కడ బొట్టు తీసేసుకుని కూర్చున్నాను."

"అది నాన్న కాదమ్మా. ఆయన ఆలోచన."

"అయితే వారం ఎందుకడుగుతుంది?"

హైమ పక్కన కూర్చుని తనూ నాలుగు చిక్కుడుకాయలు తీసుకుంది. జరిగినదంతా చెప్పింది. చెప్పాక తన లెక్క కూడా చెప్పింది. బుధవారం అన్నంత మాత్రాన ఏమీ కాదు, సంతలో పిల్లలున్నారు, పెళ్లివారున్నారు, అవన్నీ చూసి నాన్న ఎలాగూ కాల్చొద్దనే అంటారు. వాళ్లకి కావలసిన జవాబు చట్టం నోటే దొరుకుతుంది, ముద్ర దక్కుతుంది, ఊరూ దక్కుతుంది.

తల్లి చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"మీ నాన్న మంచివాడని నీకెవరు చెప్పారే?"

"అమ్మా!"

"న్యాయమైనవాడు. అది వేరు, ఇది వేరు. నలభయ్యేళ్లు కాపరం చేసినదాన్ని, నాకు తెలీదా? తప్పు ఎంతుంటే అంత తూచేవాడు, ఆవగింజంత అటూ ఇటూ ఉండేది కాదు. మంగళవారం రాత్రి ఒక్కటే ఇంట్లో నిండుగా నవ్వేవాడు. ఆ ఒక్కరోజు త్రాసు దించి పక్కన పెట్టేవాడు కాబట్టి." ఆవిడ ఈనెలన్నీ చేటలోంచి దులిపింది. "మా అత్త చదువుకోలేదు గానీ, కొడుకు సంగతి బాగానే కనిపెట్టింది."

హైమ ఆ మాట విన్నది, కానీ మనసుకి ఎక్కించుకోలేదు. తన చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లిన మనిషి పిల్లలున్న సంత మీద కాల్పులకి ఊ అంటాడని ఏ కూతురు నమ్ముతుంది?

మంగళవారం పొద్దున్న ప్రయోగశాలలో మామూలుగా ఉండే నలుగురి చోట పదిమంది ఉన్నారు. తలుపు దగ్గర ఇద్దరు గార్డులు. దమయంతి గారు కుర్చీ కాస్త వెనక్కి వేసుకుని కూర్చున్నారు. సరిగ్గా ఆరింటికి స్పీకరులో ఆ చిన్న దగ్గు వినిపించింది. బతికుండగా కూడా మాట్లాడబోయే ముందు ఆయన అలాగే దగ్గేవారు.

"ఇవాళ ఏ వారం అమ్మా?"

"బుధవారం నాన్నా."

ఎప్పుడూ వెంటనే వచ్చే "సరే" రాలేదు. హైమ తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. ఎంతసేపైందో తెలియదు, చక్రపాణి గొంతు సవరించుకునేంతసేపయింది.

"సరే," అన్నారు జగన్నాథరావు గారు.

చుక్కలు పచ్చబడ్డాయి.

పదకొండింటికి సంత నిండింది. మూడువందల నలభయ్యో స్తంభం చెవుల్లోంచి ఆ రొదంతా గదిలోకి వస్తోంది. ఎవరో పసుపు బేరమాడుతున్నారు. సన్నాయి ఒక చోట తప్పి మళ్లీ అందుకుంటోంది. ఒక పిల్లాడు ఏడుస్తుంటే తల్లి, "అదుగో ముసలాయన సూస్తన్నాడు, ఊరుకో" అంటోంది. అప్పుడు దళం నాయకుడు చింతచెట్టు కింద కనిపించాడు. వెంట మనుషులు. దమయంతి గారు కళ్లతోనే సైగ చేశారు. చక్రపాణి కేసు ముద్ర ముందు పెట్టాడు.

హైమ మైకు దగ్గరికి జరిగింది. "నాన్నా, పిల్లలున్నారు. పెళ్లివారున్నారు. పెళ్లికూతురు స్తంభానికి పది అడుగుల్లో ఉంది. చూడండి."

"చూస్తున్నానమ్మా. అందరినీ చూస్తున్నాను."

తర్వాత ఆయన కోర్టులో మాట్లాడే గొంతుతో మొదలుపెట్టారు. ఎత్తూ లేదు, పల్లమూ లేదు. "నాయకుడు, వెంట నలభైమంది సాయుధులు. వీరు న్యాయమైన లక్ష్యాలు. ఈ అవకాశం మళ్లీ రాదని ప్రభుత్వం చూపిన ఆధారాలు నమ్మదగినవి. హెచ్చరిక ఇస్తే లక్ష్యం చేజారుతుంది కనుక హెచ్చరిక అవసరం లేదు. సామాన్యులలో పందొమ్మిది మంది మరణిస్తారని అంచనా. వారిలో పిల్లలు ఆరుగురు. చేకూరే సైనిక ప్రయోజనంతో తూచినప్పుడు ఈ నష్టం మితిమీరినది కాదు. చట్టం అనుమతిస్తోంది. కారణాలు చదువుతాను."

దమయంతి గారి ముఖంలో సంతోషం లేదు, ఒక పని సక్రమంగా జరిగిన తృప్తి ఉంది. జగన్నాథరావు గారు కారణాలన్నీ చదివి ముగించాకే తీర్పు అమలయ్యేది. ఆ అలవాటు కూడా ముద్రలో ఉంది. ఆయన ఒకటో కారణం మొదలుపెట్టారు.

హైమకి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆ ఊరిని కాచింది చట్టం కాదు, తండ్రి దయా కాదు. ఎప్పుడో పోయిన నాయనమ్మ ఒక్కమాట కాచింది. దాన్ని తనే తీసి పారేసింది. పిల్లలు ఆరుగురని ఆయన చెప్పిన తీరు చెవిలో మళ్లీ మళ్లీ తిరుగుతోంది.

"నాన్నా, ఆగండి. ఇవాళ మంగళవారం."

చదవడం ఆగింది.

"తెలుసమ్మా."

గదిలో పదిమందీ స్పీకరు వైపు తిరిగారు.

"సంతలో పసుపు రాస్తున్నారు, పొద్దున్నే తెలిసింది," అంది ఆ గొంతు మామూలుగా. "ఆసుపత్రిలోనూ అంతే. నా ముద్రని తుపాకుల్లో పెట్టడానికి ఒప్పుకుంటూ నేను సంతకం పెట్టిన రోజు మంగళవారం. నువ్వు బుధవారం అన్నావు. అప్పుడూ తెలుసు."

నిజమే. ప్రయోగశాల వాళ్లు తొందరపెట్టారు, డాక్టర్లు ఇంకో వారం గడవడం కష్టమన్నారు, మంగళవారమైతే ఆయన సంతకం పెట్టరు. ఆ పూట ఆయన చేతికి కలం ఇచ్చి హైమ అబద్ధమాడింది. ఎవరికీ చెప్పలేదు. తల్లికి కూడా.

"తెలిస్తే ఎందుకు సంతకం పెట్టారు నాన్నా? ఇప్పుడు ఎందుకు చెబుతున్నారు తీర్పు?"

"నాకు తెలిసింది వేరు, రికార్డులో ఉన్నది వేరు. న్యాయమూర్తి రికార్డు మీదే నడవాలి. రికార్డులో బుధవారం అని ఉంది. రాయించింది నువ్వు. రెండో కారణం..."

"రికార్డు తప్పు! మార్చండి!"

"కేకలు వేస్తే మారదు. సాక్షి ప్రమాణం చేసి చెప్పాలి. అబద్ధపు సాక్ష్యానికి శిక్ష ఏమిటో, అదీ యుద్ధకాలంలో, తెలిసే చెప్పాలి."

దమయంతి గారు కుర్చీలోంచి లేచారు. ఆవిడ గొంతు మొదటిసారి పెరిగింది. "మైకు తీసెయ్యండి!" ఒక గార్డు ముందుకి వచ్చాడు.

"సాక్షి మాట్లాడుతుండగా కోర్టులో ఎవరూ కదలకూడదు," అన్నారు జగన్నాథరావు గారు.

గార్డు ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో తర్వాత విచారణలో అతనే చెప్పలేకపోయాడు. చక్రపాణి చెయ్యి స్విచ్ మీదే ఉంది, నొక్కలేదు.

"సాక్షి పేరు?"

"పొట్నూరు హైమావతి."

"తండ్రి పేరు?"

ఎన్నో దరఖాస్తుల్లో హైమ కళ్లు మూసుకుని రాసిన పేరు. ఆ మనిషే అడుగుతుంటే నోట రావడం లేదు.

"తండ్రి పేరు?" మళ్లీ అడిగారాయన, అదే గొంతుతో.

"పొట్నూరు జగన్నాథరావు. లేరు. చనిపోయారు."

ఆ మాట ఆమె మూడేళ్లలో మొదటిసారి పైకి అంది. అనగానే కన్నీళ్లు ధారగా కారాయి.

"వయసు?"

"ముప్ఫై ఎనిమిది. దైవసాక్షిగా నిజం చెబుతున్నాను. ఇవాళ మంగళవారం. తెలిసే అబద్ధం చెప్పాను. ఆసుపత్రిలోనూ తెలిసే చెప్పాను."

సన్నాయి ఆగింది. పెళ్లిలో తాళి కట్టే వేళయినట్టుంది, గట్టిమేళం అందుకున్నారు. అదంతా అయ్యేదాకా జగన్నాథరావు గారు మాట్లాడలేదు.

"నమోదైంది," అన్నారు చివరికి. "కోర్టును మోసం చేసి పొందిన తీర్పు చెల్లదు, రద్దు చేస్తున్నాను. సాక్షిపై చర్య తీసుకోవాలని ప్రభుత్వాన్ని ఆదేశిస్తున్నాను. ఏ శిక్ష అన్నది ఇవాళ చెప్పను. ఇకమీదట ఈ సాక్షి చెప్పే వారాన్ని ఈ కోర్టు నమ్మదు. వేరే సాక్షి ఎవరూ లేరు. వారం తేలే వరకూ ఏ తీర్పూ ఉండదు."

తెర మీద పచ్చ చుక్కలు ఆరిపోవడం మొదలైంది. వందలు వందలుగా ఆరాయి. దమయంతి గారు ఫోను చెవికి పెట్టుకుని అప్పుడే ఎవరికో కొత్త ప్రకటన చెప్పి రాయిస్తున్నారు. మానవతా దృష్టితో మా ప్రభుత్వం కాల్పులు నిలిపివేసిందనీ, కొత్త ఆయుధాలు ఎనిమిది నెలల్లో వస్తాయనీ.

"నాన్నా," అంది హైమ. "రేపు పొద్దున్న నేను..."

"రేపు అడగను అమ్మా," అన్నారాయన. అంతలోనే గొంతు మళ్లీ కోర్టుదైపోయింది. "ఈ ఉత్తర్వును రహస్యంగా ఉంచవలసిన సైనిక అవసరమేదీ లేదు. బహిరంగంగా చదవండి."

ఆ క్షణంలో గుమ్మడివలస సంతలో ముసలాయన మొట్టమొదటిసారి నోరు విప్పాడు. కొండల మీద ఆరువందల పన్నెండు స్తంభాలూ ఒకే గొంతుతో చదివాయి. పొట్నూరు జగన్నాథరావు కుమార్తె, పొట్నూరు హైమావతి, వయసు ముప్ఫై ఎనిమిది, తెలిసే అబద్ధపు సాక్ష్యం చెప్పినందున ఆమెపై చర్య తీసుకోవలెను. చింతచెట్టు కింద మనుషులు తుపాకులు సర్దుకుని చెట్ల చాటుకి పరుగెత్తారు. మిగతావాళ్లు తల పైకెత్తి అలాగే నిలబడిపోయారు.

గార్డు హైమ మోచెయ్యి పట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆమె ఒక్కసారి ఆగింది. స్పీకరులో స్తంభం పక్కనుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"ఎవులే ఆ హైమావతి?"

"ఎవులో పట్నపోల్ల ఆడకూతురు," అంది ఇంకో గొంతు. "ఏటి తప్పు సేసిందో ఏటో. ముసలాయనకి అంత కోపం వొచ్చిందంటే సిన్నది కాదు."

"మనకెందుకులే. సంత ఎత్తీసేలోగా ఈ పసుపు తూసియ్యి."